అరుపుల్లేని ఇల్లు

మైదుకూరులో మా ఇల్లు అంగడి వెనకాలే ఉండేది. ముందు స్టీలు సామాన్ల అంగడి, దాని వెనక సన్నటి నడవ, నడవ దాటితే ఇల్లు. కడప–కర్నూలు రోడ్డు మీద పోయే ప్రతి బస్సూ మా గోడల్ని ఒకసారి కదిలించి పోయేది. ఆ బస్సుల మోతలోనూ, అంగట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలే చప్పుడులోనూ బతికినవాళ్ళం కాబట్టి మా ఇంట్లో అందరిదీ పెద్ద గొంతే. మా నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చొని "మంచినీళ్ళు!" అని కేకేస్తే, మా అమ్మ వంటింట్లోంచి "వస్తాండా!" అని అంతకంటే పెద్దగా కేకేసేది. అది కోపం కాదు. మాకు అదే మాట.

ఆ ఇంట్లో మా అవ్వకు చెవులు పోయినాయి.

అవ్వ మా నాయనను కన్నతల్లి. మా అబ్బ, అంటే తాత, చనిపోయినాక అంగడిని నిలబెట్టింది ఆమే. కొత్త సరుకు దిగినప్పుడు ఒక్కో గిన్నెనూ వేలి ఎముకతో టక్కున కొట్టి, ఆ మోతను బట్టి అది మందమైనదో పలచనిదో చెప్పేది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఒక తపేలాను కొట్టింది. మళ్ళీ కొట్టింది. చెవి దగ్గర పెట్టుకొని ఇంకోసారి కొట్టి, "ఏందిరా, ఇది పలకడం లేదు" అనింది నాయనతో. తపేలా ఖంగుమని మోగింది. అంగట్లో ఉన్న మా అందరికీ వినపడింది, ఒక్క అవ్వకు తప్ప.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. నాయన ఆమెను కడపకు పిలుచుకొని పోయి పెద్ద డాక్టరుకు చూపించినాడు. చెవి మిషన్ పెట్టించినాడు. అవ్వ దాన్ని కొన్నాళ్ళు పెట్టుకొని తీసేసింది. "ఇది పెట్టుకుంటే అంగట్లో గిన్నెలన్నీ నా తలకాయ మీదనే పడతాండాయి. మనిషి మాట ఒక్కటి మాత్రం తెలీదు" అనింది. ఆ మిషన్ అట్లే డబ్బాలో ఉండిపోయింది.

ఇంక మేమందరం అరవడం మొదలుపెట్టినాము. ఇంతకు ముందే పెద్ద గొంతులు, ఇప్పుడు ఇంకా పెద్దవి. నాయన ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాడు. అంగడికి వచ్చినవాళ్ళు అరిచేవాళ్ళు. నేనూ, నాకన్నా మూడేండ్లు చిన్నోడైన మా తమ్ముడూ అరిచేవాళ్ళం. అవ్వ రోజు రోజుకూ మాట తగ్గించింది. అంగట్లోకి రావడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి రాలేదు. పెరట్లో బట్టలుతికే బండ మీద, గోడ వైపు తిరిగి కూర్చొని ఉంది. అమ్మ పోయి ఆమె ముందర గొంతుకూర్చుంది. నేను చెంబు పట్టుకొని వెనకాల నిలబడ్డాను.

"ఏమ్మా, నేనేం తప్పు చేసినా? అందరూ నన్ను తిడతాండారు" అనింది అవ్వ.

అమ్మ అడ్డంగా తల ఊపి, "ఎవరూ తిట్టలేదత్తా" అనింది.

"మరి మొగాలు అట్ల పెడతారేంటికి? నోరు ఇంత తెరిచి, కండ్లు పెద్దవి చేసి... మాట వినపడదు గానీ మొగం కనపడతాది గదా నాకు."

అమ్మ అవ్వ చెయ్యి పట్టుకొని ఇంట్లోకి తీసుకొచ్చి అన్నం పెట్టింది. తర్వాత అంగట్లోకి పోయి, గిరాకీ లేని సమయం చూసి, నాయన ముందర నిలబడింది. మా అమ్మ పదో తరగతి వరకూ చదివిన మనిషి. అత్తగారింట్లో గట్టిగా ఒక మాట చెప్పింది అప్పటిదాకా నేను చూడలేదు.

"ఈ పొద్దు నుంచి ఈ ఇంట్లో ఎవరూ అరిచేది లేదు. అత్తతో మాట్లాడల్లంటే దగ్గరికి పోయి ఎదురుగా కూచోల్ల. ఆమె నోరు చూసి తెలుసుకుంటాది. మెల్లగా చెప్పల్ల. అంత ఓపిక లేకపోతే ఆ మాట చెప్పే పనే లేదు."

నాయన నవ్వినాడు. "అమ్మతో సరే. మరి నాకు మంచినీళ్ళు కావాలంటే? లేచి లోపలికి రావల్నా?"

"రావల్ల" అనింది అమ్మ. "నేను నీతో అరుస్తాంటే ఆమె చూస్తాది. మనం కొట్లాడుకుంటాండాం అనుకుంటాది."

అట్ల మొదలైంది. మొదట్లో చానా కష్టంగా ఉండేది. నోటిదాకా వచ్చిన కేకను మింగి, నడవంతా నడిచి పోయి చెప్పాలి. సగం దూరం నడిచేసరికి ఆ మాట అంత అవసరమైనది కాదని తెలిసిపోయేది, తిరిగి వచ్చేసేవాళ్ళం. తమ్ముడి మీద నేను చెప్పే చాడీలు సగానికి సగం తగ్గిపోయింది అందుకే.

ఇంకో మార్పు మేము అనుకోకుండా వచ్చింది. అంతవరకూ మా ఇంట్లో నాయనా తమ్ముడూ ముందు తినేవాళ్ళు, తర్వాత నేను, కడాన అమ్మా అవ్వా. అందరి మాటలూ అవ్వకు తెలియాలంటే అందరి మొగాలూ ఒక్కచోట కనపడాలి గదా. అందుకని అమ్మ రాత్రి భోజనానికి అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టింది. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు మాట్లాడకూడదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అవ్వ ఎవరి నోరు చూడాలో తెలియక కంచంలోకి చూసేది. ఆమె కంచంలోకి చూసిందంటే మేము తప్పు చేసినట్టు. అందరం ఆగి, ఎవరు మొదలుపెట్టినారో వాళ్ళను పూర్తి చేయనిచ్చేవాళ్ళం. ఆ వరసలో నాయన మాటా, పదేండ్ల తమ్ముడి మాటా ఒక్కటే. మా నాయన అంతకుముందు పిల్లలు చెప్పేది కడదాకా విన్న మనిషి కాదు. తన తల్లి కోసం ఆగినాడు, ఆగినందువల్ల మా మాటా విన్నాడు.

నాకు ఒక పని పడింది. సాయంత్రం టీవీలో వార్తలైపోయినాక అవ్వ ముందర కూర్చొని వాటిని చెప్పాలి. అది చెప్పడం కాదు, పరీక్ష. అవ్వ అడిగేది అట్ల ఉండేది.

ఒకసారి బడి నుంచి వస్తూనే చెప్పినాను, "అవ్వా, రోడ్డు వెడల్పు చేస్తారంట. మన అంగళ్ళన్నీ పడగొడతారంట."

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటాండారు."

"అందరూ అంటే ఎవరు? నువ్వు చూసినావా, విన్నావా?"

"విన్నా."

"చెప్పినోడు చూసినాడా, విన్నాడా?"

నేను గోళ్ళు కొరుక్కుంటూ "ఏమో" అన్నాను.

"ఏమో అనొద్దు. తెలీదు అని చెప్పు. ఏమో అంటే కొంచెం తెలిసినట్టుంటాది."

నేను నడవ దాటి పోయి నాయన్ని అడిగినాను. ఆయనకూ అందరూ అనడమే తెలుసు. మా వరుసలో ఇద్దరు ముగ్గురు అప్పటికే అంగడి ఎత్తేసి వేరే చోటు వెతుక్కునే మాటల్లో ఉన్నారు. మరుసటి రోజు నాయన పోయి ఆఫీసులో కనుక్కొని వచ్చినాడు. రోడ్డు పక్క మురికికాలువను కొంచెం జరుపుతారు, మా ముందరి మెట్లు పోతాయి, అంతే. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి అవ్వకు చెప్పే పని నాయన నాకు వదిలేసినాడు. నేను గొంతు సవరించుకొని, ఆయన ఎవరిని అడిగినాడో, వాళ్ళేం చూపించినారో వరుసగా చెప్పినాను. అవ్వ తల ఊపి, "ఇప్పుడు అర్థమైంది" అనింది. బళ్ళో ఫస్టు మార్కు వచ్చినప్పుడు కూడా నాకు అంత గొప్పగా అనిపించలేదు.

తమ్ముడి దారి వేరు. వాడికి మాటలు రావు అని కాదు గానీ, ఒక వాక్యం పూర్తయ్యేలోగా లేచి పోయేవాడు. చేతులు మాత్రం ఊరుకోవు. ఫ్యాను విప్పేవాడు, తాళం విప్పేవాడు, కుక్కరు మూత విప్పి దాని రబ్బరు ఎందుకుందో చూసేవాడు. అవ్వకు ఏదైనా చెప్పాలంటే నేల మీద సున్నపు ముక్కతో బొమ్మ గీసేవాడు, లేదంటే చేసి చూపించేవాడు. బళ్ళో మాత్రం మార్కులు రావు. హెడ్మాస్టరు నాయన్ని పిలిపించి, "మీవాడు ఒక్క చోట కుదురుగా కూర్చోడప్పా. ఇట్లయితే కష్టం" అన్నాడు. నాయన కడపలో ఒక పెద్ద బడి హాస్టల్లో వేస్తానని పట్టుబట్టినాడు. "పరీక్షలు కానీ, చూద్దాం" అని అమ్మ జరుపుతూ వచ్చింది.

ఆ సంవత్సరమే అవ్వకు కంటి మసక మొదలైంది.

ఆమెకు ఒక కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. చూపంతా ఒక్క కంటితోనే. ఆ కంటికి పొర కమ్మింది. మా నోళ్ళు ఆమెకు సరిగా కనపడలేదు. నేను వార్తలు చెప్తాంటే మొగం దగ్గరికి, ఇంకా దగ్గరికి తెచ్చేది. కర్నూల్లో ఒక కంటి ఆసుపత్రిలో చూపిస్తే ఆపరేషన్ చేస్తే బాగవుతుంది అన్నారు. చేసినాక మరుసటి రోజు దాకా కన్ను కట్టేసి ఉంచుతారు.

భోజనాల దగ్గర నాయన ఆ సంగతి చెప్పినాడు. అవ్వ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"చెవులా లేకపాయె. ఇంగ కన్ను కూడా కడితే నేను యాడ ఉంటా? బతికుండానో లేదో నాకు ఎట్ల తెలుస్తాది?"

"ఒక్క రోజే గదమ్మా" అన్నాడు నాయన.

"నేను రాను."

ఆమె చెప్పింది నిజమే అని అందరికీ తెలుసు. అప్పుడు తమ్ముడు ఎంగిలి చెయ్యి చొక్కాకు తుడుచుకొని లేచి, అవ్వ భుజం మీది తువ్వాలు తీసి ఆమె కళ్ళకు అడ్డం పెట్టినాడు. నాయన ఏదో అనబోతే అమ్మ ఆపింది. వాడు అవ్వ అరచేతిని తెరిచి, దాంట్లో వేలితో గుండ్రంగా సున్నా చుట్టి, ఆమె ఎడమ చేత్తో కంచాన్ని తాకించినాడు. మళ్ళీ సున్నా చుట్టినాడు. అవ్వ తువ్వాలు కిందనే అడిగింది, "అన్నమా?" వాడు ఆమె మణికట్టు మీద రెండుసార్లు తట్టినాడు. ఔనని.

తర్వాత మణికట్టు నుంచి వేలి కొన దాకా ఒక గీత జార్చినాడు. అవ్వ కొంచెంసేపు ఆలోచించి, "నీళ్ళు" అనింది. తువ్వాలు తీసి వాడి మొగం చూసి, "ఇంకోటి చెప్పు" అనింది.

పరీక్షలు దగ్గర పడుతున్న రోజులు అవి. ఇంట్లో ఎవరూ వాణ్ణి చదువుకో అనలేదు. రోజూ సాయంత్రం ఒక గంట అవ్వ కళ్ళకు తువ్వాలు కట్టుకునేది, వాడు చెయ్యి పట్టుకునేవాడు. ఒక్కో మనిషికి ఒక్కో గుర్తు పెట్టినాడు. అమ్మ వస్తే తన గాజులు అవ్వ చేతికి తాకించాలి. నాయన తన ఉంగరం నొక్కాలి. నేను ఆమె చూపుడు వేలు పట్టుకోవాలి. తనకు మాత్రం చిటికెన వేలు. నొప్పి ఎంత ఉందో అడగడానికి చెయ్యి మీద మెల్లగా, గట్టిగా నొక్కడం నేర్పినాడు. ఒక గుర్తు ఆమెకు అర్థం కాకపోతే, వాడు విసుక్కోకుండా మార్చేవాడు. బళ్ళో ఒక్క నిమిషం కూర్చోని పిల్లోడు అక్కడ గంట కదలకుండా కూర్చునేవాడు. ఆ కూర్చోవడం నాయన అంగట్లోంచి వచ్చి, నడవలో నిలబడి చూసేవాడు.

కర్నూలుకు బస్సులో పోయినాము. ఊరి పక్కనే కల్లూరులో మా చిన్నమ్మ వాళ్ళు కొత్తగా ఇల్లు కట్టుకొని ఉన్నారు, వాళ్ళింట్లో దిగినాము. పొద్దున ఆపరేషన్ అయింది. అవ్వను మంచం మీదికి తెచ్చినాక నేనూ అమ్మా లోపల ఉన్నాము, నాయన మందులు తేవడానికి పోయినాడు. చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వం అని తమ్ముణ్ణి బయట వరండాలోనే ఆపేసినారు.

అవ్వకు మెలకువ వచ్చింది. చుట్టూ చీకటి, చప్పుడు లేదు. ఒక నర్సమ్మ ఆమె చెవి దగ్గర వంగి "కదలొద్దు!" అని అరిచింది. అవ్వకు ఆ ఊపిరి వేడి మాత్రమే తగిలింది. భయపడి చెయ్యి కట్టు మీదికి పోయింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకొని గాజులు తాకించింది. అవ్వ కొంచెం ఆగింది. కానీ అమ్మకు ఆ కంగారులో గుర్తులన్నీ కలిసిపోయినాయి. నేను చూపుడు వేలు పట్టుకొని ఏదో చెప్పబోయి తప్పు చెప్పినాను.

"పిల్లోడు యాడ?" అనింది అవ్వ. "వాణ్ణి పిలవండి."

అమ్మ లేచి నర్సమ్మ దగ్గరికి పోయింది. నేను చూస్తాండా. గొంతు పెంచలేదు. ఆమె ఎదురుగా నిలబడి, "మా అత్తకు చెవులు వినపడవు. ఇప్పుడు చూపు కూడా లేదు. ఆమెతో చేతి మీద మాట్లాడేది మా కొడుకొక్కడే. వాడు లేకపోతే ఆమె కట్టు పీకేస్తాది. మీ రూలు మీకుంటాది, కాదనను. వాడు మంచం పక్కన కదలకుండా కూచుంటాడు, దానికి నాది పూచీ" అని చెప్పింది. నర్సమ్మ తలుపు తెరిచి, "తొందరగా పిలవండి" అనింది.

తమ్ముడు వచ్చి మంచం పక్కన కూర్చొని చిటికెన వేలు పట్టుకున్నాడు. అవ్వ ఊపిరి నిదానమైంది. వాడు అరచేతిలో ఏమేమో చెప్తాండాడు, ఆమె పైకే జవాబిస్తాండాది. "ఊఁ, అయిపోయిందా? ... సరే, తియ్యను లే. ... మీ నాయన అన్నం తిన్నాడా?" మధ్యలో ఒకసారి కిసుక్కున నవ్వింది కూడా. ఏం చెప్పినావురా అంటే, పక్క మంచం ముసలాయన గురక పెడతాంటే, ఆ గురక ఎట్ల లేచి ఎట్ల పడతాందో ఆమె చేతి మీద చేసి చూపించినాడంట.

మధ్యాహ్నం డాక్టరు వచ్చినాడు. కంట్లో మంటగా ఉందా, పొడిచినట్టుందా అని తెలుసుకోవాలన్నాడు. తమ్ముడు ఆలోచించినాడు. ముందు తన అరచేతుల్ని బాగా రుద్ది ఆ వేడిని ఆమె చేతికి పెట్టినాడు. తర్వాత గోరుతో చిన్నగా గుచ్చినాడు. అవ్వ వెంటనే, "రెండూ గాదు. ఇసుక పడినట్టుండాది" అనింది. "అది మామూలే, తగ్గిపోతుంది" అని డాక్టరు నవ్వి, నాయన వైపు తిరిగినాడు.

"ఈ బాబు ఏం చదువుతున్నాడు?"

నాయన "ఎక్కడ చదువుతాడు సార్" అంటాడని నేను కాచుకొని ఉన్నాను. ఎవరు అడిగినా ఆయన చెప్పే జవాబు అదే.

"ఆరో తరగతి సార్" అన్నాడు నాయన. "ఏదైనా చూసినాడంటే దాన్ని చేత్తో చేసేస్తాడు."

అంతే. ఆ తర్వాత కడప హాస్టల్ మాట మా ఇంట్లో రాలేదు. మరుసటి రోజు కట్టు విప్పినాక అవ్వ మమ్మల్నందరినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసి, అమ్మ దగ్గర ఆగి, "ఇట్ల చిక్కిపోయినావేమ్మా, నాకెవరూ చెప్పలేదే" అనింది. అమ్మ అప్పుడు ఏడ్చింది.

నేను ఇంటరు అయినాక లా చదువుతానన్నాను. మా పెదనాయన ఇంటికొచ్చి మరీ వద్దన్నాడు. "వ్యాపారం చేసుకునే ఇంట్లో ఆడపిల్ల కోర్టుల చుట్టూ తిరిగేదేంది?" నాయన ఆయనకు కంచం పెట్టించి, గుండ్రంగా అందరి మధ్య కూర్చోబెట్టినాడు. తర్వాత నాతో, "అవ్వ వైపు తిరిగి చెప్పు, ఎందుకు చదవాలో" అన్నాడు. నేను చెప్పినాను. అవ్వ అంతా చూసి, "కోర్టు చూసినావా, విన్నావా?" అనింది. నేను చూడలేదు. "తెలీదు" అని ఒప్పుకున్నాను. పెదనాయన గెలిచినట్టు నవ్వినాడు. అవ్వ ఆయనతో, "నువ్వు చూసినావా?" అనింది. ఆయనా చూడలేదు.

మరుసటి వారం నాయన అంగడి అమ్మకు అప్పజెప్పి నన్ను కడప కోర్టుకు పిలుచుకొని పోయినాడు. ఒక హాల్లో వెనక బెంచీ మీద పొద్దు గూకేదాకా కూర్చున్నాము. ఎవరో ఒక లాయరు సాక్షిని ఒకే ప్రశ్న మార్చి మార్చి అడుగుతున్నాడు. సాక్షికి ప్రశ్న అర్థం కావడం లేదని నాకు బెంచీ మీది నుంచే తెలుస్తోంది, ఆ లాయరుకు తెలియడం లేదు. బస్సులో తిరిగి వస్తూ, "నేను చేయగలను నాయనా" అన్నాను. ఆయన టికెట్టు మడిచి జేబులో పెట్టుకొని, "నాకూ అట్లే అనిపించింది" అన్నాడు.

ఇప్పుడు కడపలో ప్రాక్టీసు చేస్తాను. నా దగ్గరికి వచ్చే మనుషులకు వాళ్ళ కేసు ఏమిటో వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పి పంపుతాను. నా పేరు నిలబడింది దానివల్లే. తమ్ముడు పదో తరగతి గట్టెక్కి, పాలిటెక్నిక్ చేసి, కల్లూరులో వర్క్‌షాపు పెట్టుకున్నాడు. హోటళ్ళకు స్టీలు వంటగదులు చేస్తాడు. పని ఒప్పుకునే ముందు ఒక పూటంతా ఆ వంటగదిలో కూర్చొని, వంటవాళ్ళ చేతులు ఎటు పోతున్నాయో చూసి వస్తాడు. ఆ తర్వాతే కాగితం మీద గీత గీస్తాడు. వాడి దగ్గర ఇప్పుడు చానామంది పనిచేస్తున్నారు. అవ్వ నా నల్లకోటునూ, వాడి వర్క్‌షాపునూ చూసే పోయింది.

మేమిద్దరం తెలివైనవాళ్ళం కాబట్టి పైకొచ్చినాము అని చుట్టాలు అంటారు. నేను ఒప్పుకోను. మాకంటే తెలివైన పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. మేము చెప్పేది కడదాకా వినే నలుగురు మనుషులు మాకు రోజూ రాత్రి దొరికినారు, వాళ్ళకు అది దొరకలేదు. ఈ మాట నేను గట్టిగానే చెప్తాను, ఎవరి ముందరైనా.

మొన్న వేసవిలో ఒక దూరపు చుట్టం, ప్రొద్దుటూరు నుంచి, తొమ్మిదేండ్ల కూతుర్ని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. ఏ బళ్ళో వేస్తే బాగుంటుంది అని అడిగినాడు. "ఈమెకు నోట్లోంచి మాట రాదక్కా. ఏం అడిగినా తల ఊపుతాది, అంతే."

"ఏ బడైనా ఫరవాలేదు" అన్నాను. "రోజూ కలిసి తినండి. ఆమె మాట్లాడితే కడదాకా వినండి."

"అంతేనా?" అన్నాడు, మోసపోయినవాడిలా.

"అంతే. కానీ రోజూ."

అప్పటికి అన్నం వేళైంది. అందరం కూర్చున్నాము. దారిలో ఏం చూసినావు అని ఆ పాపను అడిగి, ఆమె వైపే చూస్తూ ఊరుకున్నాను. తల ఊపింది. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. కొంచెంసేపటికి, బస్సులో ఒకామె ఒడిలో కోడిపుంజు ఉండింది అని చెప్పింది. వాళ్ళ నాయన "తొందరగా తినమ్మా" అనబోతే, చెయ్యి చూపించి ఆపినాను. కోడిపుంజుకు టికెట్టు తీయాలన్న కండక్టరు, తీయనన్న ఆ మనిషి, వాళ్ళిద్దరి మధ్య తీర్పు చెప్పిన వెనకసీటు ముసలాయన, దిగేటప్పుడు కండక్టరు భుజం మీదికే ఎగిరి కూర్చున్న కోడిపుంజు. చారు పోసుకునే దాకా చెప్పింది. వాళ్ళ నాయన కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకొని, "నేనూ ఆ బస్సులోనే ఉంటి గదమ్మా, ఇదంతా ఎప్పుడు జరిగింది?" అన్నాడు.